సవరణ: బార్క్ కాలర్లపై గత వ్యాసానికి వివరణ

కుక్క మొరుగుడు మాన్పించే కాలర్లపై గత వ్యాసంలో, షాక్ కాలర్‌కు బదులు, మొరిగినప్పుడల్లా సిట్రొనెల్లా (ఒక రకం గడ్డి నుంచి తీసే ఘాటైన నూనె) చిమ్మే కాలర్ వాడితే కుక్కకు ఏ బాధా ఉండదని ఉన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవలసిందిగా మనవి: ఆ కాలర్ విద్యుత్ షాక్ ఇవ్వదు గానీ, కుక్కకు అదీ శిక్షే. మన ముక్కుకు హాయిగా తోచే నిమ్మగడ్డి లాంటి ఆ వాసన, మనకన్నా ఎన్నో రెట్లు చురుకైన కుక్క ముక్కు కింద ఉన్నట్టుండి బుస్సుమని చిమ్మి, అది మొరగడం ఆపేశాక కూడా మెడ బొచ్చును అంటిపెట్టుకునే ఉంటుంది.

బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010 నుంచి నిషేధం ఉన్నది షాక్ ఇచ్చే కాలర్లపైనే తప్ప ఇలా వాసన చిమ్మే స్ప్రే కాలర్లపై కాదు.

మొరుగుడును పసిగట్టడానికి మైక్రోఫోన్ మీదే ఆధారపడే కాలర్ పక్క ఫ్లాట్‌లోని కుక్క అరుపుకు కూడా స్పందించి, నోరు మెదపని కుక్కను శిక్షించవచ్చు. షాక్ కాలర్‌లోని రెండు లోహపు మొనలు చర్మానికి ఆనుకునే ఉండాలి కనుక, గంటల తరబడి అలాగే వదిలేస్తే వాటి కింద పుండ్లు పడవచ్చు. కాలర్ విప్పి, బొచ్చు పాయలు తీసి చూస్తే తప్ప అవి కంటబడవు.

ఇంట్లో ఒంటరిగా వదిలినప్పుడు భయంతో మొరిగే కుక్కకు ఏ రకం కాలరూ తొడగవద్దని, ముందు పశువైద్యునికి చూపించమని మా విన్నపం. నోరు మూయించినా దాని భయం పోదు. చాలాసార్లు పెరుగుతుంది కూడా.