మహారాజశ్రీ అటక గారి సముఖమునకు

చిలకలగూడ పెంకుటింటి అటక గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ ఇక్కడ నా మోకాళ్లు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి, నడినెత్తిన ఉసిరికాయంత బొప్పి ఉంది. అక్కడ మీరు క్షేమమేనని నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నం మూడింటికి మీలో వేలాడదీసిన థర్మామీటర్ 51 చూపించినప్పుడు కూడా తమరు చెక్కుచెదరలేదు. చెదిరినవి మీలో వేసుకున్న నా బొమ్మ రైలు పట్టాలే.

సంక్రాంతి సెలవుల్లో టార్చి పట్టుకుని మొదటిసారి మీలోకి ఎక్కినప్పుడు ఎంత మర్యాదగా ఉన్నారండీ! చల్లగా, పొడిగా, పాత టేకు వాసన వేస్తూ. పెంకుల సందుల్లోంచి దారప్పోగుల్లాంటి ఎండ. నడిమి దూలం కింద నాలుగున్నర అడుగుల ఎత్తు, పదమూడు అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. అవతల సికింద్రాబాద్ స్టేషన్లో ఏదో బండి కూత పెట్టింది. ఇన్నేళ్లూ నీకోసమే ఖాళీగా ఉన్నానన్నట్టు చూశారు. నేను నమ్మాను. ఆ సాయంత్రమే గళ్ల నోటుబుక్కులో పట్టాలు గీయడం మొదలుపెట్టాను.

ఖాళీయే! మూలనున్న గంగాళం సంగతి మాత్రం చెప్పలేదు. తాతగారి పెళ్లినాటి రాగి గంగాళం, అడ్డం 30 అంగుళాలు. మీ తలుపు 24 అంగుళాలు. అది లోపలికి ఎలా వచ్చిందో మా అమ్మకీ తెలీదు. పెంకులు మార్పించినప్పుడు పైనుంచి దించి ఉంటారని ఆవిడ అనుమానం. దాన్ని దింపలేక బోర్లించి, న్యూస్‌పేపర్లు చుట్టి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, వాడేసిన చాయ్ పొడి ఎండబెట్టి చల్లి మౌలాలి గుట్ట చేశాను. చూసినవాళ్లు బాగుందన్నారు. మీరేమీ అనలేదు.

ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు కూడా మీ తలుపులో పట్టలేదు కాబట్టి 22 అంగుళాల ముక్కలు కోయించాను. టింబర్ డిపో అతను "అల్మారాకా సార్?" అన్నాడు. "రైలుకి" అన్నాను. తర్వాత లెక్క తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

మీకు తెలియని లెక్క ఒకటి చెబుతాను. హెచ్‌వో స్కేల్ అంటే అసలు బండిలో 87వ వంతు. మనం చిన్నప్పుడు ఎక్కిన నీలం పెట్టె అందులో పాతిక సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. పద్దెనిమిది పెట్టెల బండి కడితే నాలుగున్నర మీటర్లు దాటి ఇంజిన్ మీ గోడలోంచి పక్కింటి వాళ్ల వంటింట్లోకి వెళ్తుంది. అందుకని నా గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి నాలుగే పెట్టెలు. అందులో జనరల్ పెట్టె ఒకటి ఉండాలని మావాడి పట్టు, ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చే మోడల్ రైలు పుస్తకాల్లో మనిషి అటక మీద నిటారుగా నిలబడి, చేతిలో టీ కప్పుతో బండి నడుపుతుంటాడు. నేను మీ మధ్యలో, బల్లల నడుమ వదిలిన గుంటలో, బావిలో కప్పలా బాసిపెట్లు వేసుక్కూర్చుంటాను. పైకి లేస్తే దూలం. ఎన్నిసార్లు తగిలినా నాకు బుద్ధి రాలేదు, దూలానికి జాలి రాలేదు.

ఇవన్నీ సర్దుకుపోయాను. అసలు సంగతికి వస్తాను.

మీలో నేను కట్టిన బొమ్మ కాచిగూడ స్టేషన్ ముందు పదకొండు అడుగుల తిన్నని లైను. గజం పొడవు ముక్కలు నాలుగు అవసరమయ్యాయి. వాటి పట్టాలు నికెల్ సిల్వర్ అనే లోహం. పేరులో తప్ప వెండి ఎక్కడా ఉండదు, ధరలో మాత్రం ఉంటుంది. కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త సోల్డరింగ్ ఐరన్ కొని, జనవరి చలిలో రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఒక్కో అతుకూ కరిగించి కలిపాను. ఆకురాయితో అరగదీశాను. కళ్లు మూసుకుని గోరు పెట్టి లాగితే ఎక్కడా తగల్లేదు. ఆ చివరా ఈ చివరా వంపులతో కూడా సోల్డర్ చేసేశాను. రెండు మూడు అంగుళాలకో మేకు. మొదటిరోజు బండి వదిలితే నీళ్ల మీద పడవే. ఆ నిశ్శబ్దం వినమని మా ఆవిడని నిచ్చెన ఎక్కించాను. "ఏమీ వినపడట్లేదు" అంది. "అదే!" అన్నాను.

నిన్న మా మామయ్య వచ్చారు. కాజీపేటలో 34 ఏళ్లు పట్టాల మీదే పనిచేసి రిటైరైన మనిషి. తుండుగుడ్డ మెడకి చుట్టుకుని, ఒక్క మాట లేకుండా నిచ్చెన ఎక్కి, గుట్ట పక్కన కూర్చున్నారు. మావాడు తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. నేను కంట్రోలర్ తిప్పాను. లాలాగూడ షెడ్ పేరు సన్న బ్రష్‌తో నేనే రాసుకున్న డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ గుట్ట చుట్టి, వంపు తిరిగి, తిన్నని లైనులోకి వచ్చింది. అక్కడ తిన్నని లైను లేదు. పొద్దున మేకులన్నీ ఉన్నచోటే ఉన్నాయి, మధ్యాహ్నానికి ఓ జానెడు మేర ఊడివచ్చి పట్టా బొటనవేలంత పక్కకి పాకి ఉంది. ఇంజిన్ అక్కడికి వచ్చి, ఒక్కసారి ఆలోచించి, బల్ల అంచు దాటి నా ఒళ్లో పడింది. వెనక రెండు పెట్టెలు కూడా. జనరల్ పెట్టె మాత్రం పడలేదు.

మామయ్య ఇంజిన్ వంక చూడలేదు. వంకర మీద వేలు పెట్టి నిమిరారు.

"గ్యాపు ఇడిచినవా అల్లుడా?"

"లేదు మామయ్యా. అన్నీ సోల్డర్ చేసేశా."

తుండుతో మొహం తుడుచుకున్నారు. "ముప్పై నాలుగేండ్లు నేనేం పని జేసిన్నో నా బిడ్డ నీకెన్నడు చెప్పలేదా?"

ఆ మాట మీ ముందే అన్నారు కాబట్టి మీకు తెలుసు. తర్వాత కింద మజ్జిగ తాగుతూ చెప్పింది మీరు వినలేదు. పాత లైన్లలో 13 మీటర్లకో పట్టా ముక్క, ముక్కకీ ముక్కకీ మధ్య ఎండకి సాగడానికి చోటు. ఇప్పుడు కిలోమీటర్ల కొద్దీ వెల్డింగు చేసినా, చివర సాగడానికి ప్రత్యేకంగా ఒక జాయింటు పెడతారట. మే నెలలో ఎండ ముదిరితే పట్టా ఎక్కడైనా పక్కకి లేస్తోందేమోనని మధ్యాహ్నాలు నడిచి చూసేవాళ్లు ఉంటారట. ఆయన అలా నడిచినవాడే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా నాయనమ్మ కూడా అనేది. నేను రోళ్ల గురించే అనుకున్నాను.

రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. జనవరి చలికీ నిన్నటి వేడికీ తేడా 33 డిగ్రీలు. పదకొండు అడుగుల పట్టా సాగేది ఎంతో తెలుసా? రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. శనగబద్దంత! ఆ శనగబద్దకి ముందుకి దారి లేకపోతే, పక్కకి తిరిగి బొటనవేలంత అవుతుంది. నాలుగు నెలల పని, ఒక శనగబద్ద.

తప్పు నాదేనంటావు. అననీ. కానీ నువ్వు మాట తప్పలేదా? చల్లగా ఉంటానని నమ్మించి, నా చేత అన్ని అతుకులూ బిగించే దాకా ఊరుకుని, మార్చి దాటగానే కొలిమైపోయావు. జనవరిలో ఒక్క మధ్యాహ్నమైనా నిజం చెప్పకూడదా? ఒక్క పెంకు వేడి చేసి చూపించకూడదా? అంత సోల్డరు, అంత ఆకురాయి, చూపుడువేలి మీద కాలిన మచ్చ చూడు, ఇంకా నల్లగానే ఉంది. మామయ్య ముందర ఆ ఇంజిన్ పడటానికి నా ఒళ్లే దొరికిందా? కాచిగూడ స్టేషన్ 1916 నుంచీ ఊళ్లో నిక్షేపంగా ఉంది. నీలో పెడితే ఏప్రిల్‌కే పింగ్‌పాంగ్ బంతి గుమ్మటం గ్లూ కరిగి ప్లాట్‌ఫారం మీదికి జారి కూర్చుంది. సొరంగంలో పిల్లి ఈనింది. నెలరోజులు లైను బంద్. కోతులు పెంకులు కదిపిన చోట వానాకాలం ఏం చేస్తావో అది వేరే ఉత్తరం.

మామయ్య ఇంకో రెండు మాటలు కూడా అన్నారు, దాచడం ఎందుకు. వంపు చూసి "ఇది కర్వు గాదు, ఆటో తిప్పినట్టున్నది" అన్నారు. నిజమే. మన పెద్ద లైను మీద బాగా బిగువైన వంపుకి కూడా వ్యాసార్ధం 175 మీటర్లు. దాన్ని 87తో భాగించినా రెండు మీటర్లు కావాలి. నీలో అది తిప్పాలంటే రెండు వైపులా గోడలు పగలగొట్టాలి. ఇక పట్టాల మధ్య ఎడం కంటితోనే కొలిచి "గేజి తక్కువున్నది గదా" అన్నారు. ఉంది. 16.5 మిల్లీమీటర్లను 87తో గుణిస్తే 1435 వస్తుంది. అది మెట్రో రైలు గేజి. మన పెద్ద లైను 1676. పద్ధతిగా అయితే నేను నీలో తిప్పాల్సింది మెట్రో అన్నమాట. ఆ ముక్క మాత్రం ఆయనకి చెప్పలేదు.

పొద్దున ఐదున్నరకి నిచ్చెన చప్పుడైతే లేచాను. మామయ్య అప్పటికే పైన ఉన్నారు. హాక్సా బ్లేడుకి గుడ్డ చుట్టి పట్టుకుని నా అతుకులు ఒక్కొక్కటే కోస్తున్నారు. కోసిన సందులో పాత శుభలేఖ ముక్క మడిచి దూర్చి, చాలదని ఇంకో మడత వేసి, పట్టా వెనక్కి నెట్టి తీస్తున్నారు. "పట్టాది సగం తప్పు. కట్టెది సగం తప్పు. ఎండకు కట్టె గుంజుకుంటది" అన్నారు. నా తప్పు ఏ సగంలో ఉందో అడగలేదు. బండికి కరెంటు అందేది పట్టాల్లోంచే కాబట్టి, ఇప్పుడు ముక్కముక్కకీ విడిగా వైరు లాగాలి. అంటే మళ్లీ వెల్లకిలా పడుకుని, మీ బల్లల కింద, కళ్లలో సోల్డరు పడకుండా.

ఆరున్నరకి బండి వదిలాం. అప్పటికి మీరు చల్లగానే ఉన్నారు, అందుకే మళ్లీ మీరు అంటున్నాను. సందుల మీదుగా నాలుగు పెట్టెలూ వెళ్తుంటే టక్-టక్, టక్-టక్ అని చప్పుడు. మా ఆవిడ కింద నుంచే "ఇప్పుడు వినపడుతోంది" అంది. మామయ్య తుండు పరుచుకుని మీ దూలానికి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఎనిమిది దాటి పెంకులు వేడెక్కే దాకా దిగలేదు. ఆయన నెత్తికి దూలం ఒక్కసారి కూడా తగల్లేదు, ఇది కూడా మీ పక్షపాతమే.

మిరుగం నాడు ఊరంతా చేపలు తిని చల్లబడ్డాక మళ్లీ వస్తాను. ఈసారి వైర్లతో.

ఇట్లు,
తమ గుంటలో కూర్చునే
ఏకైక స్టేషన్ మాస్టరు

తా.క.: శ్రావణంలో మా మేనకోడలి పెళ్లి. పాయసానికి తాతగారి గంగాళమే కావాలని అమ్మ నిన్న రాత్రి అంది. మౌలాలి గుట్టని మీ తలుపులోంచి ఎలా దించాలో వీలైనంత త్వరగా సెలవివ్వగలరు.