డబ్బాలో ఎవడో ఉన్నాడట

బాబాయి డెస్క్‌టాప్‌కి కంపెనీవాళ్ళు బయోస్ అప్‌డేట్లు ఇవ్వడం మానేసి చాలాకాలమైంది. ఆ పాత బయోస్ తీసేసి, దాని బదులు, లోపల ఏం రాశారో ఎవరైనా చూడగలిగే కోర్‌బూట్ ఎక్కించాలని బాబాయి పంతం. టార్చి పట్టుకోవడానికి నన్ను పిలిచాడు. పట్టుకున్నది తక్కువ, విన్నది ఎక్కువ. పిన్ని మాటలు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. బాబాయివి కొన్నిచోట్ల నేనే పూర్తిచేశాను, ఎందుకంటే ఆయనకి ఆ అవకాశం రాలేదు.

పిన్ని: బాగానే పనిచేస్తోంది కదండీ. పనిచేసేదాన్ని విప్పడం దేనికి?

బాబాయి: పనిచేస్తోంది. కానీ స్విచ్ నొక్కగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం మన చేతిలో లేదు. విండోస్ అయినా, లైనక్స్ అయినా దాని తర్వాతే. అందులో ఏం రాశారో మనకి చూపించరు.

పిన్ని: ఇన్నాళ్ళూ చూడకపోతే ఏం కొంప మునిగింది?

బాబాయి: 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో రాన్ మినిక్ కూడా అలాగే అనుకుని ఊరుకుంటే ఇవాళ ఇది ఉండేదే కాదు. అప్పట్లో లైనక్స్‌బయోస్ అనేవారు. 2008లో కోర్‌బూట్ అని పేరు మార్చారు. క్రోమ్‌బుక్కుల్లో నడిచేది ఇదే, తెలుసా?

పిన్ని: ఆయన ల్యాబ్‌లో చేసుకున్నాడు. మీరు నా దుప్పటి మీద చేస్తున్నారు. ముందు దాన్ని బల్ల మీదకి మార్చండి.

బాబాయి: మార్చాల్సిందేలే. దుప్పటికి స్టాటిక్ ఉంటుంది.

పిన్ని: మీకు స్టాటిక్, నాకు దుమ్ము. ఎవరిదైతేనేం, మార్చండి.

బాబాయి: అసలు సంగతి వేరే ఉంది. ఇందులో మనం వాడే ప్రాసెసర్ కాకుండా ఇంకొకటి ఉంది. మేనేజ్‌మెంట్ ఇంజన్ అంటారు, ఎమ్‌ఈ. 2008 నుంచి ఇంటెల్ చిప్‌సెట్లలో దాదాపు అన్నిటిలోనూ పెడుతున్నారు. మనం కంప్యూటర్ ఆఫ్ చేసినా అది ఆగదు. ప్లగ్గులో కరెంటుంటే చాలు, లోపల మెలకువగా ఉంటుంది.

(పిన్ని బట్టలు మడతపెట్టడం ఆపేసింది.)

పిన్ని: లోపలా?

బాబాయి: లోపలే.

పిన్ని: మనం పడుకున్నాక కూడానా?

బాబాయి: ప్లగ్గు తీయకపోతే అంతే మరి.

పిన్ని (గొంతు బాగా తగ్గించి): ఏవండీ, ఒక్కసారి వంటింట్లోకి రండి.

బాబాయి: ఎందుకు?

పిన్ని: వాడి ముందు మాట్లాడ్డం దేనికి?

బాబాయి: ఎవడి ముందు?

పిన్ని: మొన్న ఈ కుర్చీలోనే కూర్చుని మీ అక్కయ్య గురించి మా అక్కతో ఫోన్లో గంటసేపు మాట్లాడాను. విన్నాడంటారా?

(పిన్నివాళ్ళ అక్క అంటే మా అమ్మ. ఆ గంటా అమ్మ ఫోను స్పీకర్లో ఉంది. నేను టార్చి వెలుగు వైపే చూస్తూ నిలబడ్డాను.)

బాబాయి: వాడు కాదే, అది. చిన్న ప్రాసెసరు. దానికి చెవులుండవు. ఈ డబ్బాకి మైకు కూడా లేదు. ఇంతకీ గంటసేపు ఏం మాట్లాడావు?

పిన్ని: చెవులుండవన్నారుగా, ఇక మీకెందుకు?

బాబాయి: చెవులుండనిది దానికి. నాకున్నాయి.

పిన్ని: మీకున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నిన్న చెప్పిన పని ఇవాళ్టికీ కాలేదు. వాణ్ణి పంపించేయండి ముందు.

ఇక్కడ్నుంచి పిన్ని ఆ పనికి అడ్డు చెప్పలేదు. పైగా తొందరపెట్టింది. బాబాయి ఎన్నాళ్ళుగానో కోర్‌బూట్ గొప్పతనం చెప్పి ఒప్పించలేనిది, ఎమ్‌ఈ పేరు చెప్పగానే అయిపోయింది.

బాబాయి: ఇదిగో, ఈ ఎనిమిది కాళ్ళ చిప్పే ఫ్లాష్. బయోస్ ఉండేది దీంట్లోనే.

పిన్ని: వాడూ దీంట్లోనేనా?

బాబాయి: అది పనిచేసేది చిప్‌సెట్లో. దాని ప్రోగ్రాం దాచేది ఇక్కడ.

పిన్ని: పని అక్కడ, సామాను ఇక్కడ. ఎంత చోటు ఆక్రమించాడేం?

బాబాయి: చిప్పు మొత్తం 8 ఎంబీ. అందులో ఎమ్‌ఈది 5.

పిన్ని: సగానికి పైగా! కరెంటు మనది, చోటు మనది, అద్దె లేదు, మనం ఆఫ్ చేస్తే ఆగడు, లోపల ఏం చేస్తున్నాడో చెప్పడు. బయటికి వెళ్ళిరావడానికి దారుందా వాడికి?

బాబాయి: నెట్‌వర్క్ వాడుకోగలదు.

పిన్ని: దారి కూడా వేరే ఇచ్చారన్నమాట.

(ఎమ్‌ఈ మీద భద్రతా నిపుణులు పేజీలకి పేజీలు రాసే ఫిర్యాదు కూడా ఇంతే. పిన్ని బట్టలు మడతపెడుతూ చెప్పింది.)

పిన్ని: ఆ నల్లదేమిటి?

బాబాయి: ప్రోగ్రామరు, అంటే చిప్పుని చదివి, అందులోకి రాసే పరికరం. సీహెచ్341ఏ. దీనికి క్లిప్పు తగిలించి, ఆ క్లిప్పుతో చిప్పు కాళ్ళు పట్టుకోవాలి. ఇలాంటివాటితో జాగ్రత్తగా ఉండాలి. చిప్పుకి కావలసింది 3.3 వోల్టులు, ఇది డేటా కాళ్ళ మీద 5 ఇస్తుంది. మీటరు పెట్టి చూసి, 3.3కి మార్చాకే తెచ్చాను.

పిన్ని: ఐదిస్తే ఏమవుతుంది?

బాబాయి: చిప్పు పోవచ్చు.

పిన్ని: దాంతోపాటు వాడూ పోతాడా?

బాబాయి: పోతాడు.

పిన్ని: మరి అలాగే ఉంచక, కూర్చుని మార్చారా?

(ఇక్కడే బాబాయి కూడా ‘పోతాడు’ అనేశాడు. ఆ తర్వాత ఆయన దాన్ని ‘అది’ అనడం నేను పెద్దగా వినలేదు.)

ప్లగ్గు తీశాడు. బటన్ బ్యాటరీ తీశాడు. మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాడు. క్లిప్పు పెట్టి లాప్‌టాప్‌లో ఫ్లాష్‌రోమ్ అని, చిప్పుని చదివి రాసే ప్రోగ్రాం నడిపితే, అసలు చిప్పే కనపడటం లేదంది.

పిన్ని: దాక్కున్నాడు.

బాబాయి: ఎవడూ దాక్కోలేదు. ఉండు, చూస్తున్నాను.

పిన్ని: చూస్తే కనపడదు. నెత్తిమీదున్న కళ్ళద్దాలు ముక్కు మీదకి దింపితే కనపడుతుంది. (తనే దింపింది.) నువ్వు లేవరా, నీ చెయ్యి వణుకుతోంది. టార్చి ఇటియ్యి. ఒకటో కాలు ఎటువైపన్నారు?

బాబాయి: చిప్పు మీద చుక్క ఉన్నవైపు.

పిన్ని: చుక్క అటుంది. మీ ఎర్ర తీగ ఇటుంది.

(గదిలో ఎవరూ మాట్లాడలేదు. బాబాయి క్లిప్పు తీసి తిప్పి పెట్టాడు. చిప్పు కనపడింది.)

బాబాయి: నేనూ అదే చూడబోతున్నాను.

పిన్ని: ఆఁ. రేపటికల్లా చూసేవారు.

పాతదాన్ని కాపీ తీసిపెట్టుకోకుండా కొత్తది రాయకూడదు. ఒక్క కాపీని నమ్మకూడదు. రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ళ చెక్‌సమ్‌లు (ఫైల్లో ఉన్నదాన్నిబట్టి లెక్కగట్టే అంకెలు) ఒకటేనా అని చూడాలి. చూస్తే, ఒకటి కాలేదు.

పిన్ని: రెండుసార్లు అడిగితే రెండు రకాలుగా చెప్తున్నాడా!

బాబాయి: క్లిప్పు వదులుగా ఉంది, అంతే.

పిన్ని: మీరు వాణ్ణి వెనకేసుకురాకండి.

క్లిప్పు సర్ది మళ్ళీ చదివితే రెండూ కలిశాయి. సరిగ్గా అప్పుడే పిన్ని ఫోను మోగింది. బాబాయి వాళ్ళ అక్కయ్య.

పిన్ని (కంప్యూటర్ వైపు తిరిగి, గట్టిగా): వదినగారూ! ఇప్పుడే మీ గురించి అనుకుంటున్నాం! మీలాంటి మంచి మనిషి ఎక్కడుంటారని!

బాబాయి (గుసగుసగా): ప్లగ్గు తీసేశాను కదే, ఇదంతా ఎవరికోసం?

పిన్ని (ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి): బ్యాటరీ ఉంటుందిగా!

బాబాయి: అదీ తీసేశాను.

పిన్ని: ముందే చెప్పరేం? (ఫోన్లో, మామూలు గొంతుతో) ఊఁ, చెప్పండి. లేదండీ, మీ తమ్ముడు ఇప్పుడు మాట్లాడరు. పొద్దుట్నుంచి వంగి కూర్చుని నడుం పట్టేసింది. ఏదో చిన్న చిన్న కాళ్ళు లెక్కపెట్టే పని. ఆ పని ఎవరిచేత పడితే వాళ్ళచేత కాదు. మధ్యలో పలకరిస్తే పాడవుతుంది. రేపు చెయ్యండి.

(పెట్టేసింది. బాబాయి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చిప్పు వైపు చూసింది.)

పిన్ని: ఏమిటలా చూస్తారు? తీసెయ్యండి వాణ్ణి.

బాబాయి: పూర్తిగా తీయలేం.

పిన్ని: ఎందుకని?

బాబాయి: సరైన ఎమ్‌ఈ కనపడకపోతే 30 నిమిషాలకి కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. అలా తయారుచేశారు.

పిన్ని: నన్ను ఖాళీ చేయిస్తే అరగంటలో ఇల్లు కూలుస్తానంటున్నాడా? ఇలాంటివాడి మీదా మీరు వోల్టులు తగ్గించి జాలి చూపించింది?

బాబాయి: విను. ఎమ్‌ఈ క్లీనర్ అని ఒక ప్రోగ్రాం ఉంది. కంప్యూటర్ లేవడానికి తప్పనిసరైన ముక్కలు ఉంచి, మిగతాదంతా తుడిచేస్తుంది. 5 ఎంబీ ఉన్నవాడు 90 కేబీకి దిగుతాడు. మిగిలిన చోటు కోర్‌బూట్‌కి ఇచ్చుకోవచ్చు.

పిన్ని: 90 కేబీ అంటే ఎంత?

బాబాయి: నీ ఫోన్లో ఒక ఫొటోలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు.

పిన్ని: అందులో మీ అక్కయ్య గురించి నేనన్నది పడుతుందా?

బాబాయి (నిజంగానే లెక్కవేస్తూ): తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. అంటే 30 వేల గుర్తులు. నువ్వు గంటసేపు మాట్లాడానన్నావు. నీ వేగానికి... లేదులే, పట్టదు.

పిన్ని: సగం పడుతుందిగా?

బాబాయి: సగం పట్టొచ్చు.

పిన్ని: అసలు సంగతంతా మొదటి సగంలోనే ఉందండీ.

బాబాయి: అయితే ఇంకో మాట చెప్తాను, ధైర్యంగా ఉంటుంది. ఎమ్‌ఈని తొలి పని చేసి పక్కకి తప్పుకోమని చెప్పే బిట్ ఒకటుంది. కొత్త మోడళ్ళలో దాని పేరు హెచ్‌ఏపీ. 2017లో పరిశోధకులు బయటపెట్టారు. మన పాతదాంట్లోనూ అలాంటిదే ఉంది, పేరు వేరు.

పిన్ని: అంత మంచి స్విచ్ ఉంటే మనకెందుకు చెప్పలేదు?

బాబాయి: మనకోసం పెట్టింది కాదది. అమెరికా ప్రభుత్వం వాళ్ళ అవసరం కోసం పెట్టించారు.

పిన్ని: వాళ్ళ ఇళ్ళల్లో మాత్రం వీడు వద్దన్నారా?

బాబాయి: ఒకరకంగా అంతే.

పిన్ని: చెవులుండవు, మైకు లేదు అని పొద్దుట్నుంచి నాకు కథలు చెప్పారే! ఏమీ వినడని తెలిస్తే వాళ్ళకెందుకా స్విచ్? అమెరికా ప్రభుత్వానికి కూడా ఎవరో ఆడపడుచు ఉండే ఉంటుంది.

బాబాయి దీనికి జవాబు చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలీదు. ఎమ్‌ఈని కుదించి, ఆ బిట్ పెట్టి, కోర్‌బూట్‌ని చిప్పులోకి రాశాడు. సరిగ్గా రాసిందో లేదో ఫ్లాష్‌రోమ్ మళ్ళీ చదివి సరిచూసుకుంది. క్లిప్పు తీసి, బ్యాటరీ పెట్టి, ప్లగ్గు పెట్టి, స్విచ్ నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది.

పిన్ని: ఏమైంది?

బాబాయి: మొదటిసారి కదా. ర్యామ్‌ని పరీక్షించుకుని సెట్టింగులు కుదుర్చుకుంటుంది. కొంచెం టైం పడుతుంది.

పిన్ని: కొంచెమంటే?

(బాబాయి మాట్లాడలేదు. ఆయన మొహంలో రంగు తగ్గింది.)

పిన్ని: పోతే పోనివ్వండి. పాతదే కదా, ఇంకోటి తెచ్చుకుందాం. మొహం అలా పెట్టకండి, నాకు టెన్షనొస్తుంది.

బాబాయి: పోదే. పాతది రెండు కాపీలు దాచాను. మళ్ళీ ఎక్కించుకోవచ్చు.

పిన్ని: పాతది అంటే వాడితో సహానా?

బాబాయి: వాడితో సహా.

పిన్ని: అయితే పోకూడదు. (కంప్యూటర్‌తో) లేవవే తల్లీ!

లేచింది. కంపెనీ బొమ్మ రాలేదు. తెర మీద సీబయోస్ (కోర్‌బూట్ తన పని అయ్యాక లైనక్స్‌ని లేపమని అప్పగించే చిన్న ప్రోగ్రాం) అని తెల్లక్షరాల్లో ఒక చిన్న లైను పడింది, వెంటనే లైనక్స్ మొదలైంది. బాబాయి కుర్చీలో వెనక్కి వాలాడు, నడుం పట్టి ‘అబ్బా’ అన్నాడు. పిన్ని ఏమీ అనకుండా ఆయన వీపు వెనక ఒక దిండు కుక్కింది, కాస్త గట్టిగానే.

బాబాయి: ఇదుగో, చూడు. ఎమ్‌ఈ డిసేబుల్ అయినట్టు చూపిస్తోంది.

పిన్ని: ఎవరు చూపిస్తున్నారు? వాడేనా?

బాబాయి: అంటే... వాడి రిజిస్టర్లోంచే చదువుతాం మరి.

పిన్ని: దొంగనే అడిగి దొంగతనం జరగలేదని రాసుకున్నారు. జరగండి, నేను పరీక్షపెడతాను. (డబ్బా దగ్గర వంగి, గట్టిగా) వదినగారు మన పెళ్ళిరోజుకి ఇచ్చిన గోడ గడియారం, అంతకుముందు ఏడాది మనం ఆవిడకిచ్చిందే!

బాబాయి: ఏమిటీ? ఆ గడియారమా?

పిన్ని: చూశారా, విన్నాడు!

బాబాయి: విన్నది నేను!

పిన్ని: మీతో ఎవరు చెప్పారు? నేను వాడితో చెప్పాను.

బాబాయి: నేను ఎంచి ఎంచి కొన్న గడియారమే అది! ఇన్నాళ్ళూ నాకు చెప్పనేలేదే?

పిన్ని: మీ మొహం ఇప్పుడు పెట్టారే, ఇలా పెడతారని.

(కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.)

బాబాయి: ఇంతకీ ఆ మొదటి సగంలో ఇదేనా ఉంది?

పిన్ని: ఇది రెండో సగంలోది.

బాబాయి: మరి మొదటి సగంలో ఏముంది?

పిన్ని: రెండు కాపీలు దాచారుగా. వెతుక్కోండి.