వైఫై పాస్‌వర్డూ, ప్రధాన సంఖ్యా

వైఫై పాస్‌వర్డ్‌కి కనీసం ఎనిమిది అక్షరాలు కావాలంటే అందరూ పిల్లల పేరో పెళ్లి తేదీయో పెట్టుకుంటారు. నేను 73939133 పెట్టాను. ఇది ప్రధాన సంఖ్య, అంటే ఒకటీ తనూ తప్ప ఇంకేదీ దీన్ని శేషం లేకుండా భాగించదు. అంతేనా? కుడివైపు నుంచి ఒక్కో అంకె కొట్టేసుకుంటూ రండి, 7393913, 739391, 73939, 7393, 739, 73, చివరికి 7, అన్నీ ప్రధాన సంఖ్యలే! ఇలాంటివి మొత్తం 83 ఉంటే అన్నిట్లోకీ ఇదే పెద్దది. మర్చిపోయినా లెక్కేసి మళ్లీ రాబట్టుకోవచ్చని మా ఆవిడకి అరగంట చెప్పా. పోపు వేయిస్తూ "ఊఁ" అంది.

కనుమ మర్నాడు మా బావమరిది స్లీపర్ తత్కాల్ టికెట్ కోసం ఫోను పట్టుకుని కూర్చున్నాడు. పదకొండింటికి మొదలు. వాడి డేటా అయిపోయింది, నా ఫోను రిపేరులో ఉంది, మా ఆవిడ గుడికెళ్లింది, ఆవిడ ఫోను ఇంట్లోనే ఛార్జింగులో ఉంది కానీ దాని ప్యాటర్న్ దేవుడికే తెలియాలి.

"బావా, పాస్‌వర్డ్ చెప్పు, పది నిమిషాలే ఉంది."

నోరు తెరిచాను. 7393 దాకా వచ్చి ఆగిపోయింది. కంగారేం లేదు, కాగితం తెమ్మన్నా. 73931 పదకొండుతో పోతుంది, 73933 పదిహేడుతో పోతుంది, 73937 మాత్రం కాసేపు ఏడిపించి చివరికి 107 దగ్గర దొరికిపోయింది. కాబట్టి ఐదో అంకె 9. చూశావా, అన్నా. వాడు గడియారం చూశాడు.

ఆరో అంకె దగ్గర కొంప మునిగింది. 739391, 739393, 739397, 739399, నాలుగూ ప్రధాన సంఖ్యలేనట! ఒక్కోదాన్నీ 859 దాకా ఉన్న 149 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తేగానీ ఆ సంగతి తేలదు. వాడి ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి నేను మూడో సంఖ్య మీద ఉండగా పదకొండు దాటింది. వాడు ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయం వేసింది.

పదకొండుంపావుకి, లెక్కలో కాదులెండి, కాఫీ తాగుతుంటే మొత్తం అంకె దానంతటదే గుర్తొచ్చింది. గెంతుకుంటూ వెళ్లి కొట్టా. తప్పు పాస్‌వర్డ్ అంది. మళ్లీ కొట్టా. మళ్లీ అదే. అంటే ఇది ప్రధాన సంఖ్య కాదా, ఇన్నేళ్లూ నమ్మి మోసపోయానా అని 8598 దాకా భాగించడానికి కొత్త కాగితం తీస్తుండగా మా ఆవిడ ప్రసాదంతో వచ్చింది.

"అదా? దసరాకే మార్చేశానండీ. మీ ఫోన్లో కూడా నేనే మార్చాగా. ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా కొట్టండి."

12345678. సరి సంఖ్య! అంకెలు కూడితే 36, అంటే తొమ్మిదితోనూ పోతుంది, అది చాలదన్నట్టు 47తో కూడా పోతుంది, ఇంతకంటే దిక్కుమాలిన సంఖ్య ఉంటుందా అని నేనంటూనే ఉన్నా. బావమరిది అప్పటికే వైఫై కలుపుకుని బస్సు టికెట్ వెతుకుతున్నాడు.