సముద్రపు చేపల షిప్‌మెంట్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన షిప్‌మెంట్ గారికి,

నమస్కారాలు. ఇంట్లో అక్వేరియం తొట్టిలో పెంచుకునే సముద్రపు చేపల కోసం అడ్వాన్సు ఇచ్చి నెలలుగా తమరి దారి చూస్తున్నాను. తమరు ఎక్కడ బస చేశారో తెలియక ఈ ఉత్తరం ఆ చేపల దుకాణం చిరునామాకే రాస్తున్నాను. చెన్నైలో దిగారని దుకాణదారు అంటాడు, ముంబైలో ఆగారని అతని తమ్ముడు, అసలు బయల్దేరనే లేదని అక్కడ పనిచేసే కుర్రాడు. ముగ్గురిలో కుర్రాడి మాటే నమ్మబుద్ధి అవుతోంది.

మొన్న మృగశిర నాడు మధ్యాహ్నం "సార్, స్టాకు దిగింది, త్వరగా రండి" అని ఫోను వచ్చింది. తమరే అనుకుని సెలవు పెట్టి బయల్దేరాను. నాంపల్లి దగ్గర ఆటో ఆగిపోయింది. ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం, రోడ్డంతా జనం. మీటరు తిరుగుతూ ఉండగా కూర్చుని ఆలోచించాను. ఏటా ఈ రోజుకు మత్స్యశాఖ వారు వేలకొద్దీ కొర్రమీను పిల్లలను ప్రాణాలతో ఇక్కడికి చేరుస్తున్నారు. అవి దిగేది ఉబ్బసం రోగుల గొంతులోకి. పాపం, అలాంటి ప్రయాణానికి కూడా అవి వేళకు వస్తున్నాయి. అద్దాల మేడ కట్టించి పిలుస్తుంటే తమరికి మాత్రం తీరిక దొరకలేదు.

దుకాణదారు థర్మోకోల్ పెట్టె టేపు కోసి మూత తీశాడు. ఆక్సిజన్ పట్టించి బిగించిన పాలిథీన్ సంచులు. ఒక్కో సంచిలో చిటికెన వేలంత నీలి చేప, పసుపు తోక. డామ్సెల్. పక్క సంచీ డామ్సెల్, కింది వరుస కూడా డామ్సెల్సే. "గట్టి చేపలు సార్, చావవు" అన్నాడు. అదే కదా బాధ! వాటిని తొట్టిలో వదిలితే రాళ్ల సందులన్నీ తమ జాగీరు అంటాయి, తర్వాత వచ్చిన ప్రతి చేపనూ మూలకు తరుముతాయి. పట్టి బయట వేద్దామంటే పేర్చిన రాళ్లన్నీ పీకాలి. ఉత్తచేతులతో తిరిగి వచ్చాను.

తమరి కోసం ఇంట్లో జరిగిన ఏర్పాట్లు కాస్త విన్నవించుకుంటాను. తొట్టి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. దాదాపు 680 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల చొప్పున 24 కిలోల ఉప్పు. సూర్యలంక తీరం చూడాలన్నా 300 కిలోమీటర్లు దాటి పోవలసిన ఊళ్లో, ట్యాంకర్ నీళ్లను ఆర్‌ఓలో వడగట్టి సముద్రాన్ని తయారుచేశాను. ఆ ఆర్‌ఓ ఒక బకెట్ ఇచ్చి మూడు బకెట్లు పారబోస్తుంది. ఆ లెక్క మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ దగ్గర భద్రంగా ఉంది. ఎండలు మండిన మే నెలలో నీళ్లను చల్లబరిచే చిల్లర్ పుణ్యమా అని తొట్టి 26 డిగ్రీలు దాటలేదు, మేము కూలర్‌తో సరిపెట్టుకున్నాం. గాలివానకు కరెంటు పోతే ఇన్వర్టర్ ముందు పంపులకు, మిగిలితే మా ఫ్యానుకు. నీళ్లలోని మలినాలను నురగగా తీసే ప్రోటీన్ స్కిమ్మర్ నురగ కట్టడానికి ఏమీ దొరక్క ఊరికే గుర్రు పెడుతోంది.

ఇదంతా భరిస్తాను. భరించలేనిది ఒకటుంది. రాళ్లలో బాక్టీరియా స్థిరపడింది. అమ్మోనియాను నైట్రైట్ చేయడం, నైట్రైట్‌ను నైట్రేట్ చేయడం దాని వృత్తి. చేపలు విసర్జిస్తేనే దానికి భోజనం. తమరు రాకపోతే పస్తు. అది చస్తే సైక్లింగ్, అంటే తొట్టిలో ఆ బాక్టీరియాను పెంచే పని, మళ్లీ మొదటికి వస్తుంది, మళ్లీ వారాల తరబడి టెస్ట్ కిట్టులో రంగులు చూస్తూ కూర్చోవాలి. అందుకని సీసాలో అమ్మోనియా కొని చుక్కలు లెక్కపెట్టి పోస్తున్నాను. అర్థమవుతోందా తమరికి? లేని చేపల విసర్జనను నేను డబ్బు పెట్టి కొంటున్నాను. సాయంత్రం లైటు వెలగగానే మా అత్తగారు వచ్చి చూసి, "రాళ్లకు ఇంత వెలుగు ఎందుకు అల్లుడుగారూ?" అంటారు. జవాబు లేదు. ఆ రాళ్ల మీద గోధుమ రంగు జిగురు కూడా పట్టింది. తొట్టిలో పెరిగినదంటూ ఏదైనా ఉంటే అదే.

తొట్టిలో పెంచే పగడాల ఊసు ఎత్తితే దుకాణదారు గొంతు తగ్గించాడు. "రామేశ్వరం వైపు నుంచి రేపే తెప్పిస్తాను సార్, ఎవరికీ తెలియదు." రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి. రాజమార్గాన రావలసిన తమరికి నెలలు పడుతుంటే దొంగదారి సరుకు తెల్లారేసరికి వస్తుందట. వద్దన్నాను. అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు.

పోనీ, నేను తిమింగలాన్ని అడిగానా? ఒక జత క్లౌన్ ఫిష్, చారల చిన్న చేపలు. వాటిని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే ఎప్పుడో సాధించింది. "మనవి ఇక్కడి హేచరీ పిల్లలే సార్" అని అడ్వాన్సు తీసుకున్న రోజు దుకాణదారే చెప్పాడు. ఇప్పుడేమో కస్టమ్స్ వారు ఆపారంటాడు. మరి ఈ దేశంలో పుట్టిన చేపను కస్టమ్స్ వారు ఆపడం ఏమిటి? అబద్ధమాడినా అతికినట్టు ఉండాలి.

ఇక తమరు, గారు అనడం నా వల్ల కాదు. విను. వస్తే ఆ జతతో రా, తోడుగా చేపల ఒంటిని శుభ్రం చేసే క్లీనర్ రొయ్యలు రెండు తెచ్చుకో. అర్ధరాత్రి దిగినా సరే, నేనే వచ్చి తీసుకుపోతాను. రాను అంటే ఆ మాటైనా చెప్పించు. ఈ ఉప్పునీళ్లన్నీ తోడి పారబోసి, కొళాయి నీళ్లు పట్టి, క్లోరిన్ పోగొట్టి గోల్డ్‌ఫిష్ వేసుకుంటాను. అవి మా వీధి చివరే దొరుకుతాయి, వాటికి ఏ షిప్‌మెంటూ అక్కరలేదు. మా అత్తగారు మొదటి రోజు నుంచీ అదే చెబుతున్నారు.

ఇట్లు,
680 లీటర్ల ఖాళీ సముద్రం యజమాని,
హైదరాబాద్