అభ్యర్థిగారి బోర్డులో చుంచు

పెరట్లో ఏమేం తిరుగుతున్నాయో బోను పెట్టకుండా, ఒంటిమీద చెయ్యి వెయ్యకుండా తెలుసుకోవాలంటే పాదముద్రల సొరంగం మంచి పద్ధతి. డబ్బు పెద్దగా ఖర్చవదు, ఇంట్లో పరువే కాస్త అవుతుంది.

ఎన్నికలయ్యాక మూలన పడ్డ ప్లాస్టిక్ ప్రచార బోర్డు చాలు. 70 సెంటీమీటర్ల పొడవు, 44 వెడల్పు ముక్క కోసి నాలుగు పలకలుగా మడిచి టేపు వేస్తే, రెండు వైపులా తెరిచిన 11 సెంటీమీటర్ల చదరపు గొట్టం తయారు. అభ్యర్థి నవ్వు లోపలికి పోవాలి, లేకపోతే ఎలుక ఏ పార్టీయో వీధంతా తేల్చేస్తుంది. ఏ4 కాగితాన్ని నిలువుగా రెండుగా కోసి చెరో కొసనా ఒక్కో పట్టీ పరవాలి. నడుమ మిగిలిన 10 సెంటీమీటర్లలో ఎర, దానికి అటూ ఇటూ సిరా. ఎరకోసం దూరిన ప్రాణి సిరా తొక్కి, కాగితం మీద అడుగులు వేసి పోతుంది. ఆ సిరా బొగ్గుపొడి, వంటనూనె సమపాళ్లలో కలిపిందే. వచ్చిన ప్రాణి కాళ్లు నాక్కుంటుంది గనుక స్టాంపు సిరా పనికిరాదు. నూనె సిరా తెల్లారేదాకా ఆరదు. ఈ సుగుణమే తర్వాత కొంప ముంచుతుంది.

పల్లీ, బెల్లం పెడితే చుంచుకన్నా ముందు చీమలు బారులు తీరతాయి. వానాకాలమైతే నత్త వచ్చి కాగితాన్నే కొరుక్కు తింటుంది. ఎండుచేప పెడితే చుంచు వస్తుంది, పిల్లీ వస్తుంది. సొరంగాన్ని గోడవారనే ఆనించి పైన ఇటుక పెట్టమనేది అందుకే. ఇటుక మరిచిన రాత్రి పిల్లి దాన్ని దొర్లించి, చేప తిని, సిరా తొక్కి, అరుగు మీదుగా వెళ్లి, ఆరేసిన తెల్ల దుప్పటి మీద తీరిగ్గా పడుకుంటుంది. కాగితాలు మాత్రం మల్లెపువ్వులు.

గుర్తుపట్టడం తేలికే. ముందుకాలికి నాలుగు వేళ్లు, వెనక్కాలికి అయిదు ఉంటే ఎలుకో ఉడుతో. నాలుగు కాళ్లకూ అయిదేసి, ముద్ర బుల్లిది అయితే చుంచు. గుండ్రటి ముద్ర, నాలుగు వేళ్లు, గోళ్ల జాడ లేకపోతే పిల్లి. ఇక దుప్పటికి అంటిన మరక మీద ముందు నీళ్లు పోశారో, ఇంకా పరుచుకుంటుంది. మొదట శనగపిండి చల్లి నూనె పీల్చనివ్వాలి.

"ఏమండీ, మీ సర్వేలో ఎన్ని పిల్లులు తేలాయి?"

"ముద్రల్నిబట్టి తలలు లెక్కపెట్టలేమే. ఒక్కటే పదిసార్లు తిరిగి ఉండొచ్చు."

"పోనీలెండి. దుప్పటి ఉతికేది ఒక్కరే, అది మాత్రం తేలింది. సబ్బు బావి దగ్గరుంది."