మన తెరచాప ఎప్పుడు?

వెలుతురుకు తోసే బలం ఉంది. కాకపోతే అది మహా స్వల్పం. భూమి దగ్గర అంతరిక్షంలో చదరపు కిలోమీటరు మేర అద్దంలా మెరిసే పొర పరిచినా, దాని మీద ఎండ మోపే ఒత్తిడి 9 న్యూటన్లే. కిలో బియ్యం పొట్లం మన అరచేతి మీద వేసే బరువు కన్నా తక్కువ. అయితే రాకెట్‌లో ఇంధనం నిమిషాల్లో అయిపోతుంది, ఎండ అయిపోదు. నౌక తగినంత తేలిగ్గా ఉండి, సెకను సెకనుకూ దాని వేగం సెకనుకు ఒక్క మిల్లీమీటరు చొప్పున పెరిగినా చాలు, ఒక రోజు తిరిగేసరికి సెకనుకు 86 మీటర్లవుతుంది. ఏడాది తిరిగేసరికి సెకనుకు 30 కిలోమీటర్లు దాటుతుంది. ఇలా ఎండ తోపుడుతో నౌకను నడిపే మెరుపు పొరల్నే సౌర తెరచాపలంటారు. వాటి వెనక ఉన్న లెక్క ఇదే.

ఇది కాగితం మీది లెక్కగా ఆగిపోలేదు. జపాన్ 2010లో పంపిన ఇకారోస్, మిల్లీమీటరులో వందో వంతు మందం కూడా లేని 14 మీటర్ల చదరపు తెరచాపతో వెళ్లి, ఆ డిసెంబరులో శుక్రుణ్ణి దాటింది. అమెరికాలోని అంతరిక్ష అభిమానుల సంఘం ప్లానెటరీ సొసైటీ విరాళాల డబ్బుతో 2019లో పంపిన లైట్‌సెయిల్-2 మూడేళ్లకు పైగా తిరిగింది. 2024లో నాసా 80 చదరపు మీటర్ల తెరచాప విప్పింది. ఈ జాబితాలో భారత్ లేదు.

అలాగని మనకు తెరచాప తెలియనిదీ కాదు. బెంగళూరులో తయారై 1992లో వెళ్లిన ఇన్సాట్-2ఎ, మరుసటేడు వెళ్లిన 2బి తెరచాప కట్టుకునే వెళ్లాయి. వాటిలోని వాతావరణ కెమెరా సెన్సర్లను బాగా చల్లగా ఉంచాలంటే ఉపగ్రహానికి ఒక పక్క ఏ అడ్డూ ఉండకూడదు. అందుకని సౌర ఫలకాలన్నీ రెండో పక్కకే పెట్టారు. ఒంటి రెక్క మీద ఎండ తోస్తూ ఉంటే ఉపగ్రహం మెల్లగా తిరిగిపోతుంది. అది జరగకుండా ఖాళీ పక్కన పొడవాటి బూమ్ (కడ్డీ) చివర చిన్న తెరచాప బిగించారు. అది ప్రయాణానికి కాదు, తూకానికి. తొంభైల్లో టీవీ వార్తల్లో బంగాళాఖాతం మీద తుపాను సుడి చూసి గుండె చిక్కబట్టుకున్న కోస్తా జనానికి ఈ సంగతి ఎవరు చెప్పారు గనక?

కాంతితో ప్రయాణం అనగానే అందరూ నక్షత్రాల మాటే ఎత్తుతారు. లేజర్లతో గ్రాముల బరువున్న నౌకల్ని కాంతి వేగంలో అయిదో వంతుకు చేర్చి ఆల్ఫా సెంటారీ నక్షత్రానికి పంపుతామని 2016లో బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ ప్రకటించింది. దానికి కావలసిన లేజర్ శక్తి 100 గిగావాట్ల స్థాయిలో ఉంటుంది. వినడానికి బాగుంది గానీ, అది మన ఖజానా పరుగెత్తాల్సిన పందెం కాదు.

మనకు పనికొచ్చేది ఇంకా దగ్గర్లో ఉంది. ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, భూమి, సూర్యుడి లాగుళ్ల మధ్య నౌక నిలవగలిగే చోటు నుంచి సూర్యుణ్ణి గమనిస్తోంది. అక్కడ తగిలిన సౌర తుపాను బాగా వేగంగా వస్తుంటే భూమిని చేరడానికి గంట కూడా పట్టదు. హెచ్చరికకు ఇంకొంత వ్యవధి కావాలంటే సూర్యుడి వైపు మరింత జరగాలి. మామూలు నౌక అక్కడ నిలవలేదు, సూర్యుడి లాగుడు ఎక్కువవుతుంది. తెరచాప ఉంటే ఎండ తోపుడు ఆ అదనపు లాగుడును సరిపెడుతుంది, చుక్క ఇంధనం ఖర్చు కాకుండా. దీనికి దారి చూపాల్సిన 1,650 చదరపు మీటర్ల సోలార్ క్రూయిజర్‌ను నాసా 2022లో పక్కన పెట్టేసింది. ఆదిత్యను పంపిన దేశం ఆ పని అందుకుంటే తప్పేమిటి?

ముందు విప్పడం నేర్చుకోవాలి. ఈ పనిలో అసలు టెన్షన్ అక్కడే. నాసా 2024 తెరచాపలో కూడా నాలుగు బూమ్‌లలో ఒకటి కాస్త వంగింది. పీఎస్ఎల్వీ ఆఖరి దశను ప్రయోగశాలగా వాడే పోయెమ్ వేదిక మనకుంది. 2024 డిసెంబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన పోయెమ్-4 మీద 24 ప్రయోగాలు నడిచాయి. సుమారు 350 కిలోమీటర్ల ఆ ఎత్తులో గాలి ఒరిపిడి ముందు ఎండ తోపుడు నిలబడదు, నిజమే. విప్పడం చూసుకోవడానికి మాత్రం సరిపోతుంది. పైగా విప్పిన తెరచాపకు తగిలే ఆ ఒరిపిడే పని ముగిసిన ఉపగ్రహాన్ని త్వరగా కిందికి దించుతుంది. 2030 నాటికి శకలాలు మిగల్చని ప్రయోగాలే చేస్తామని ఇస్రో చెప్పిన మాటకూ అది సాయం.

చేసేవాళ్లకూ కొదవ లేదు. బెంగళూరు, హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కలిసి చేసిన కిలో లోపు స్టడ్‌శాట్ 2010లోనే కక్ష్యలోకి వెళ్లింది. ఇవాళ బెంగళూరు మారతహళ్లిలో ఏ పీజీ హాస్టల్లో అడుగు పెట్టినా తెలుగు వినిపిస్తుంది. ఉపగ్రహాలు తయారయ్యే యు.ఆర్. రావు కేంద్రం అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ పిల్లల్లో చాలామందికి ఆ ప్రహరీ గోడ తప్ప లోపలి పని తెలియదు. తదుపరి పోయెమ్‌కు ప్రతిపాదనలు పిలిచేటప్పుడు ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ తెరచాప ప్రయోగానికి ఒక చోటు కేటాయించి, దాన్ని కాలేజీ బృందాలకు ఇవ్వాలి. అది సరిగా విప్పుకుంటే, లైట్‌సెయిల్-2 తిరిగిన 720 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లే ఏదో ఒక పీఎస్ఎల్వీలో రెండో దానికి చోటివ్వడానికి ఇస్రో ఇప్పుడే ఒప్పుకోవాలి.