కుందేలుకు లంఖణాలు పెట్టకండి

‘కుందేలు పెంచేవాళ్లు తప్పక చదవాలి’ అంటూ ఆరు పాయింట్ల మెసేజ్ ఒకటి ఫ్రెండ్స్ మళ్లీ మళ్లీ ఫార్వర్డ్ చేస్తున్నారు. మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారని తెలుసు, కానీ అందులో నాలుగో పాయింట్ నమ్మితే కుందేలు ప్రాణం పోతుంది, అందుకే ముందు దాని సంగతే చెప్తాను.

కుందేలు తినడం మానేస్తే ఒకరోజు పస్తు ఉంచాలట, కడుపు శుభ్రమవుతుందట, లంఖణం పరమౌషధమట. ఆ మాట మనుషులకు చెప్పుకోండి. కుందేలు అసలు వాంతి చేసుకోగలిగే జంతువే కాదు. దాని పేగులు కదలాలంటే పీచు లోపలికి వెళ్తూనే ఉండాలి, అది ఆగితే పేగులు మందగిస్తాయి, గ్యాస్ పట్టేస్తుంది, ఆ నొప్పికి ఇంకా తినదు, తినకపోయేకొద్దీ ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి చేరి అదీ దెబ్బతింటుంది. ముందుగా పెంటికలు చిన్నవై, గట్టిపడి, తర్వాత పూర్తిగా ఆగిపోతాయి. మూలకు చేరి ముడుచుకుని కూర్చుంటుంది, కళ్లు సగం మూసి పళ్లు కొరుకుతుంది, ఎప్పుడూ లాక్కునే కొత్తిమీర ముక్కు దగ్గర పెట్టినా మొహం తిప్పేస్తుంది. అది నిద్ర కాదు, నొప్పి. 10, 12 గంటలు ఏమీ తినలేదంటే ఎమర్జెన్సీయే, అంతసేపు ఆగమని కూడా కాదు, అనుమానం రాగానే కుందేళ్లను చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. ‘రేపటిదాకా చూద్దాం’ అని ఇంకొకరికి సలహా ఇచ్చే ముందు ఆ ప్రాణికి ఎవరు జవాబు చెప్తారో ఆలోచించండి.

క్యారెట్ ముఖ్య ఆహారమట! కార్టూన్లు చూసి రాశారా? చక్కెర ఎక్కువ, వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు. తిండిలో 80 శాతానికి పైగా ఎండుగడ్డే ఉండాలి.

పళ్లు అరగడానికి ఎండు బ్రెడ్ పెట్టాలట. బ్రెడ్ నోట్లో పడగానే నానిపోతుంది, ఇక అరిగేదేముంది? పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డిని దవడ పక్కలకు ఆడిస్తూ నూరితేనే వెనక పళ్లు అరుగుతాయి.

ఆకుకూరల్లో తడి ఉంది కాబట్టి నీళ్లు అక్కర్లేదన్నది ఇంకో దారుణం. కుందేలు ఎక్కువైన కాల్షియాన్ని మూత్రంలోనే వదిలేస్తుంది, నీళ్లు చాలకపోతే అది మూత్రాశయంలో బురదలా పేరుకుంటుంది. రోజంతా శుభ్రమైన నీళ్లు అందుబాటులో ఉండాలి, వెడల్పు గిన్నెలో పెడితే ఇంకా బాగా తాగుతుంది.

తన పెంటికలు తానే తింటే కొట్టి మాన్పించాలట. అవి మామూలు పెంటికలు కావు, గుత్తిగా అంటుకుని మెత్తగా ఉండేవి, వాటిలో విటమిన్లు, ప్రోటీన్లు ఉంటాయి. తిననివ్వండి.

ఆరో పాయింట్ మాత్రం నిజంగా బాగుంది: కొత్త ఆకు ఏదైనా ఒక్కసారే గంపెడు పెట్టకుండా, ఒక్కో రకం కొంచెం కొంచెంగా, పెంటికలు ఎలా ఉన్నాయో చూసుకుంటూ అలవాటు చేయమన్నారు. చాలామంది పెంపకందార్లు పట్టించుకోని విషయమిది, దీన్ని రాసినందుకు థాంక్స్. ఫార్వర్డ్ చేయాలనుకుంటే ఆ ఒక్కటీ ఉంచి, నాలుగోది ముందు తీసేయండి.